నాలుగో టేకు

2, సోమవారం

మా రేడియో ప్రారంభానికి ఇంకా ఇరవై ఒక్క రోజులు. స్టూడియో గోడలకు అంటించిన నురగ పలకలు జిగురు వాసన కొడుతూనే ఉన్నాయి. తలుపు పూర్తిగా మూసుకోదు. ఏసీ వేస్తే మైకులో వినిపిస్తుంది, ఆపితే లోపల మనిషి ఉడికిపోతాడు. మేనేజర్ మాత్రం గుమ్మంలో నిలబడి, "ఇంతకాలం ఈ ఊరు బయటివాళ్ళ గొంతు వింది. ఇకనుంచి తన గొంతు తను వింటుంది," అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. ఆ మాట మొన్న నేను రాసిచ్చిందే. చెప్పగా చెప్పగా తనదే అనుకుంటున్నాడు, అనుకోనీ.

తొమ్మిదేళ్ళు ఒక అద్దెగదిలో కూర్చుని సబ్బుల ప్రకటనలు, ఫ్యాన్ల ప్రకటనలు కత్తిరించి అతికించాను. ముప్పైతొమ్మిదేళ్ళ వయసులో నాకంటూ ఒక కుర్చీ, తలుపు మీద 'ప్రొడ్యూసర్' అనే అట్టముక్క. నవ్వొస్తోంది. బాగానూ ఉంది.

4, బుధవారం

మీటింగ్ రెండు గంటలు. మేనేజర్‌కు పట్టుకున్న భయమేమిటంటే మొదటి కాల్. ఇదివరకు తను పనిచేసిన చోట ప్రారంభం రోజున మొట్టమొదట ఫోన్ చేసిన మహానుభావుడు ఇంటి ఓనరును అమ్మనాబూతులు తిట్టాడట. అందుకని ఇక్కడ మొదటి కాల్ లైవ్‌లో తీసుకోకూడదు. ముందే రికార్డు చేసి, లైవ్ అన్నట్టు వేయాలి. పొద్దున షో చేసే పిల్లకు, మేమంతా గలగల అని పిలుస్తాం, ఇది నచ్చలేదు. "మోసం కదా?" అంది. "రేడియోలో మోసం కానిదేముందమ్మా, నువ్వు నవ్వేది కూడా కాగితం చూసే కదా," అన్నాడు ఇంజనీరు. ఆయనకు కోపం వస్తే గదంతా చీకటవుతుందని ఫ్యూజు అని పేరు పెట్టుకున్నాం.

మరి ఎవరి గొంతు? ఊరందరికీ తెలిసిన గొంతు కావాలి, వాగకుండా మాట్లాడే మనిషి కావాలి. నేనే అన్నాను, మా అన్నయ్య అని.

హోల్‌సేల్ మార్కెట్‌లో ఇరవై రెండేళ్ళుగా వేలం పాడుతున్నాడు. మైకు లేకుండా. గేటు బయట లారీ దించేవాడికి కూడా "ఒకటోసారి" అన్నది వినిపిస్తుంది. మేనేజర్ బల్ల గుద్ది లేచాడు. ఆ కాల్‌కు పరుపుల కంపెనీ స్పాన్సర్ కూడా దొరికిందట సాయంత్రానికల్లా.

5, గురువారం

అన్నయ్యకు చెప్పడానికి వెళ్ళాను. వదిన టీ పెట్టింది. అమ్మ విన్న దగ్గర్నుంచి పక్కింటికీ ఎదురింటికీ తిరగడమే. అన్నయ్య అద్దం ముందు నిలబడి, "హలో, నేనండీ, మార్కెట్ నుంచి," అని వంద రకాలుగా అన్నాడు. వదిన నవ్వి నవ్వి కూలబడింది. "పెళ్ళిచూపులప్పుడు కూడా ఇంత తయారవలేదు చిట్టీ మీ అన్నయ్య. వచ్చాడు, వేలం పాడినట్టు మాట్లాడాడు, వెళ్ళాడు," అంది. "మరి మూడోసారి అనేలోపే నువ్వు ఒప్పేసుకున్నావు కదే," అన్నాడు.

రేపు నాలుగింటికి రమ్మన్నాను.

6, శుక్రవారం

ఒళ్ళంతా నొప్పులు. రెండు నిమిషాల కాల్‌కు రెండు గంటలు పట్టింది. మనవాళ్ళతో పని పెట్టుకోకూడదు, ఊరికే అనలేదు పెద్దలు.

పొద్దున్నుంచి అరిచి అరిచి, భోజనం కూడా సరిగ్గా చేయకుండా నేరుగా మార్కెట్ నుంచి వచ్చాడు. గలగల వేరే ఊరు వెళ్ళింది కాబట్టి ప్రశ్నలు నేనే అడిగాను, రేపు ఆమె గొంతు నా గొంతు స్థానంలో పెట్టేస్తాం. ఫ్యూజు ట్రాన్స్‌మిటర్ దగ్గర. స్టూడియోలో మేమిద్దరమే.

మొదటి టేకులో అరుపుకు మీటరు ముల్లు ఎర్రగీత దాటి పడుకుంది. "అన్నయ్యా, లారీవాడు లేడిక్కడ, మెల్లగా," అన్నాను. రెండోది కాగితం చూసి ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివాడు. మూడోది ప్రాణం లేచొచ్చేలా చెప్పాడు, సరిగ్గా చివర్లో తుమ్మాడు. నాలుగోది మొదలుపెట్టాడు, సగంలో మాటలు ముద్దముద్దగా రావడం మొదలెట్టాయి. 'శుభాకాంక్షలు' అనే మాట మూడుసార్లు పట్టుకున్నాడు, మూడుసార్లూ జారిపోయింది.

"నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"ఏం లేదే. నాలుక మడతపడుతోంది," అని నవ్వాడు. హెడ్‌ఫోన్ తీయబోయి కింద పడేశాడు. కొత్తది. నాకు ఒళ్ళు మండింది.

"చెయ్యి తిమ్మిరెక్కిందే."

"మార్కెట్‌లో గంటల తరబడి చెయ్యెత్తి నిలబడితే ఎక్కని తిమ్మిరి, ఇక్కడ కుర్చీలో ఎక్కిందా? వేషాలు మాని మళ్ళీ చెప్పు."

ఐదోది ఇంకా అధ్వాన్నం. నీళ్ళిస్తే సగం చొక్కా మీద పోసుకున్నాడు. ఇక లాభం లేదని ఇంటికి పొమ్మన్నాను. గుమ్మం దగ్గర, "పాడైపోయిందా చిట్టీ?" అని అడిగాడు. అతకడం నా పని, నువ్వెళ్ళి పడుకో అన్నాను.

అతికాను కూడా. మూడోదాంట్లో మొదటి ముప్పావు, రెండోదాంట్లోంచి చివరి వాక్యం, మొదటిదాంట్లోంచి ఒక్క 'శుభాకాంక్షలు' తీసి, దాని అరుపు తగ్గించి. మధ్యలో మార్కెట్ చప్పుడు పరిచాను. నేనే మళ్ళీ విని అతుకు ఎక్కడో పట్టుకోలేకపోయాను. నా భుజం నేనే తట్టుకున్నాను.

7, శనివారం

అన్నయ్య ఆసుపత్రిలో. కుడివైపు కదలడం లేదు. మాట లేదు.

8, ఆదివారం

నిన్న జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. రాస్తే తేలికవుతుందేమో.

పొద్దున వదిన లేపితే లేవలేదట. కళ్ళు తెరిచాడు గానీ నోట్లోంచి మాట రాలేదట. నేను వెళ్ళేసరికి ఆసుపత్రి వరండాలో అమ్మ, వదిన చెరో బెంచీ మీద ఉన్నారు. డాక్టరు చిన్నవాడే, నిద్రలేని మొహం. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నాడు. ఈ జబ్బుకు ఒక ఇంజెక్షన్ ఉంది గానీ మొదలైన నాలుగైదు గంటల్లోపు ఇవ్వాలట. అందుకని అడిగాడు, మాట చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడు అని.

వదిన ఉన్నదున్నట్టు చెప్పింది. "రాత్రి ఎనిమిదింటికి భోజనం దగ్గర మాట కొంచెం ముద్దగా అనిపించిందండీ. పొద్దున్నుంచి అరిచి, మళ్ళీ రికార్డింగ్ చేసి వచ్చారు కదా, అలిసిపోయారనుకున్నాను. పడుకోమన్నాను."

"దానికి ముందు ఎవరితో ఉన్నారు?"

అందరూ నావైపు చూశారు.

"మా స్టూడియోలో. ఆరింటిదాకా."

"అప్పుడు మాట స్పష్టంగా ఉందా?"

ఉంది అన్నాను.

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "అంటే ఎనిమిది ప్రాంతంలో మొదలైందన్నమాట. అప్పుడే తీసుకొచ్చి ఉంటే..." అని ఆగిపోయాడు. అమ్మ వదినవైపు తిరిగింది. అమ్మ ఏమీ అనకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

నేను అబద్ధం చెప్పలేదు. ఫైలు స్పష్టంగానే ఉంది. కావాలంటే ఎవరైనా వినవచ్చు.

9, సోమవారం

ఫైలు స్పష్టంగానే ఉంది.

10, మంగళవారం

అన్నయ్యకు ఒక మాట వచ్చింది. "అదే." నీళ్ళు కావాలా అంటే అదే. నొప్పిగా ఉందా అంటే అదే. నొప్పి లేదు కదా అన్నా అదే. అమ్మ సంతోషంతో ఏడ్చింది, మాట తిరిగొచ్చేసిందని. చాలామందికి ఇలా ఒక్క మాటే మిగిలిపోతుందని, దాన్ని అవును కింద లెక్కేయకండని డాక్టరు అన్నాడు. మాట నేర్పే ఆవిడ వారానికి మూడుసార్లు వస్తుందట.

మార్కెట్‌లో కమీషన్ ఏజెంట్లు వేరేవాణ్ణి నిలబెట్టారు. తాత్కాలికం అన్నారు. ఆ కుర్రాడికి చేతిలో మైకు ఇచ్చారట.

12, గురువారం

ఆసుపత్రి క్యాంటీన్‌లో వదిన, నేను. బిస్కెట్ విరిచి టీలో ముంచి, తినకుండా చూస్తూ కూర్చుంది. మెత్తబడి కప్పులో పడిపోయింది.

"చిట్టీ, నీ దగ్గర ఏమీ తేడా కనిపించలేదా? కొంచెమైనా?"

"లేదొదినా."

"చెయ్యి గానీ, నవ్వు గానీ?"

"హడావిడిలో ఉన్నాను వదినా. బాగానే ఉన్నాడు."

"నేను చూశాను. భోజనం దగ్గర మూతి ఒక పక్కకు పోయినట్టు కనిపించింది. నా చాదస్తం అనుకున్నాను. పది గంటలు పక్కనే పడుకున్నాను చిట్టీ, పది గంటలు." గొంతు కూడా పెంచకుండా అంది.

ఆ ఒక్క క్షణంలో చెప్పి ఉండవచ్చు. నోటి దాకా వచ్చింది. బిల్లు కడతానని లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వదిన పైకి వెళ్ళిపోయింది.

నాలుగో టేకు 5:12కు మొదలైంది. ఫైలు మీద ఉంది టైము. ఆసుపత్రి స్టూడియోకు పది నిమిషాల దూరం.

రాశాను. ఇక్కడైనా రాశాను.

13, శుక్రవారం

ఆ కాల్ తీసేద్దామని మేనేజర్‌ను అడిగాను.

"ఎందుకు మేడం? ఆయన బతికే ఉన్నారు కదా. ఊరంతా ఆయన కోసం బాధపడుతోంది. ఇంతకన్నా పెద్ద గౌరవం ఏముంటుంది?"

"ఆసుపత్రిలో ఉన్న మనిషి మార్కెట్ నుంచి లైవ్‌లో మాట్లాడినట్టు ఎలా వేస్తామండీ?"

ఆలోచించాడు. నాకు ఆశ పుట్టింది. "కరెక్టే. లైవ్ అనొద్దు. ఆయన జబ్బు పడకముందు, అదే రోజు సాయంత్రం మనతో మాట్లాడిన మాటలు అని గలగల చేత చెప్పిద్దాం. ఇంకా బాగుంటుంది." అని తన తెలివికి తనే మురిసిపోయాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. నోరు మూసుకుని ఉంటే పోయేది.

ఇంటివాళ్ళు ఒప్పుకోరేమో అన్నాను చివరి ప్రయత్నంగా.

"వాళ్ళు వద్దంటే ఆపేద్దాం. అడిగి రండి."

14, శనివారం

అడిగాను. ఇష్టం లేకపోతే చెప్పు వదినా, మా మేనేజర్‌తో నేను మాట్లాడతాను, ఎవరూ ఏమీ అనుకోరు అని, వద్దు అనడానికి ఎన్ని దారులు ఉన్నాయో అన్నీ పరిచి పెట్టాను.

"వేయండి," అంది వదిన. "ఆయన గొంతు వినాలనుంది."

అమ్మ సంగతి చెప్పక్కర్లేదు. బంధువులందరికీ అప్పుడే ఫోన్లు.

17, మంగళవారం

అన్నయ్యను ఇంటికి తెచ్చారు. ముందు గదిలో మంచం వేశారు. తినిపించేది అమ్మే, మందులిచ్చేది అమ్మే. వదిన స్పూను అందుకోబోతే, "నువ్వుండు. నీకేం తెలుస్తుంది, ఉప్పెక్కువైనా తెలియదు, మాట పడిపోయినా తెలియదు," అంది. నేను అక్కడే ఉన్నాను. అన్నయ్య కళ్ళు వదినవైపు, నావైపు తిరిగాయి. నావైపు కొంచెం ఎక్కువసేపు ఉన్నాయి. లేక నాకలా అనిపించిందేమో.

వదిన వెళ్ళి వంటింట్లో గిన్నెలు తోమింది. శుభ్రంగా ఉన్న గిన్నెలే.

18, బుధవారం

ప్రారంభం అయ్యాక చెబుతాను. ఇప్పుడు చెబితే అందరికీ గందరగోళం. అన్నయ్యకు విశ్రాంతి కావాలి.

20, శుక్రవారం

డిస్కులు నిండిపోయాయి. పాటలు ఎక్కించడానికి చోటు లేదు. రఫ్ టేకులన్నీ తుడిచేయమని మేనేజర్ ఆర్డరు. ఫ్యూజు గది గదికీ తిరిగి అడుగుతున్నాడు. నా దగ్గరికీ వచ్చాడు. "మేడం, మీ ఫోల్డర్లో ఉంచాల్సినవేమైనా ఉన్నాయా?"

ఏమీ లేవన్నాను.

21, శనివారం

పని ఎక్కువ.

23, సోమవారం

ప్రారంభమైంది.

ఏడుకు ఐదు నిమిషాలు ఉండగా స్టూడియోలో ఇసుక వేస్తే రాలనంతమంది. మున్సిపల్ చైర్మన్ గారు, ఆయన భార్య, పరుపుల కంపెనీ మనిషి, పూలబొకేలు. తలుపు ఇప్పటికీ మూసుకోదు కాబట్టి ఫ్యూజు దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఏడు కొట్టింది. గలగల గొంతు వణికింది, వెంటనే సర్దుకుంది. నేను అద్దానికి ఇవతల మిక్సర్ ముందు. చేతులు వాటంతటవే పని చేశాయి. ఇరవై ఒక్క రోజుల కిందట నేను కలగన్న కుర్చీలో కూర్చుని ఉన్నాను, ఒక్క ముక్క సంతోషం లేదు.

ఏడూ పన్నెండుకు గలగల చెప్పింది. "మన మార్కెట్ గొంతు. జబ్బుపడటానికి కొన్ని గంటల ముందు, అదే రోజు సాయంత్రం, మా స్టూడియోలో మనందరి కోసం మాట్లాడారు. వినండి, ఎంత హుషారుగా ఉన్నారో."

ఆ మీట నొక్కాల్సింది నేనే. నొక్కకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. గలగల పక్కన ఇంకో మీట ఉంది, ఆమె నొక్కుతుంది.

నొక్కాను.

"హలో, నేనండీ, మార్కెట్ నుంచి. ఇరవై రెండేళ్ళు మీ అందరి చెవులు చిల్లులు పొడిచాను, ఇవాళ రేడియోలో కూడా వదిలిపెట్టను." అద్దం అవతల అందరూ నవ్వారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. 'శుభాకాంక్షలు' గంట కొట్టినట్టు మోగింది. మొదటి టేకులోది. చైర్మన్ గారు నాకు దండం పెట్టారు.

ఫోన్లు ఆగలేదు. పదిన్నరదాకా ఆ కాల్ గురించే. ఒకావిడ, "అంత నిక్షేపంగా మాట్లాడిన మనిషికి రాత్రికి రాత్రే ఏమైంది తల్లీ?" అని అడిగింది. అది లైవ్‌లో వెళ్ళింది.

24, మంగళవారం

నిన్న సాయంత్రం వెళ్ళలేదు. ఇవాళ వెళ్ళాను. ఇంటినిండా బంధువులు. మేనత్త, పెద్దమ్మ కూతుళ్ళు, అందరూ రేడియో విన్నవాళ్ళే.

అమ్మ అందరి మధ్యా కూర్చుని చెబుతోంది. "విన్నారుగా. నా కూతురి దగ్గర ఉన్నంతసేపూ బంగారంలా ఉన్నాడు. ఇంటికొచ్చాకే. పెళ్ళాం కంటే ముందు మొగుడి మొహం చూసేదెవరు? చూసి, తెలిసి, ముసుగుతన్ని పడుకుంది."

మేనత్త అమ్మతో, "పోనీలే వదినా, దాని ఖర్మ," అంది. దాని ఖర్మ అంటే ఎవరి ఖర్మో.

వదిన వంటింటి గుమ్మంలో టీ కప్పుల ట్రేతో నిలబడి ఉంది. అన్నీ వింది. ట్రే తెచ్చి ఒక్కొక్కరికీ ఇచ్చింది. నాకు కూడా ఇచ్చింది. "నిన్న చాలా బాగా వచ్చింది చిట్టీ," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంటే బాగుండును. లేదు.

26, గురువారం

వదిన వాళ్ళ అన్న వచ్చాడట. కొన్నాళ్ళు పంపించమన్నాడట. అమ్మ, "కొన్నాళ్ళేం ఖర్మ, నాకేమీ అభ్యంతరం లేదు," అందట. వదిన ఆదివారం వెళ్ళడానికి ఒప్పుకుంది.

పక్షవాతం వచ్చిన మొగుణ్ణి వదిలి పుట్టింటికి వెళ్ళిందని రేపు ఊరు అనుకుంటుంది. అదీ వదిన లెక్కలోకే.

నేను మనిషినేనా? ఒక్క మాట. ఒక్కటంటే ఒక్క మాట.

27, శుక్రవారం

ఫ్యూజును పట్టుకున్నాను. ఆరో తారీఖు టేకులు వెనక్కి వస్తాయా?

"ఎక్కడి నుంచి వస్తాయి మేడం? దానిమీద రెండువేల పాటలు ఎక్కించేశాం. అడిగాను కదా, ఏమీ లేవన్నారు." నా మొహం చూసి కుర్చీ లాగాడు. "ఏం పోయింది? పెద్దదేనా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఎవరో చెప్పాలా నాకు.

ఫర్వాలేదు. ఫైలు లేకపోతేనేం, నోరుంది. ఆదివారం వదిన బయలుదేరేలోపు చెప్పేస్తాను. ఏం చెప్పాలో వరుసగా రాసుకున్నాను కూడా. తిడతారు, తిట్టనీ. అమ్మ మొహం చూడనంటుంది, అననీ.

29, ఆదివారం

చెప్పాను.

పదింటికి వెళ్ళాను. వదిన సూట్‌కేసు గుమ్మం దగ్గర ఉంది. వాళ్ళ అన్న ఆటో కోసం వెళ్ళాడు. అమ్మ అన్నయ్యకు గడ్డం గీస్తోంది. కూర్చోకుండానే మొదలుపెట్టాను, కూర్చుంటే చెప్పలేనని.

"అమ్మా, తప్పు వదినది కాదు. నాది. స్టూడియోలోనే మొదలైంది. ఐదు గంటలా పన్నెండు నిమిషాలకు. మాట ముద్దగా వచ్చింది, చెయ్యి తిమ్మిరెక్కిందన్నాడు, నీళ్ళు మీద పోసుకున్నాడు. నేను కసిరాను. రేడియోలో మీరు విన్నది అతికింది. బాగున్న ముక్కలు ఏరి అతికాను. డాక్టరుకు అబద్ధం చెప్పాను."

అమ్మ రేజరు నీళ్ళలో ముంచి, నావైపు చూసింది. కోపం వస్తుందనుకున్నాను. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీ మనసు నాకు తెలీదటే? చిన్నప్పట్నుంచీ అంతే. ఎవరు తిట్లు తింటున్నా నీ మీద వేసుకుంటావు. ఇది పుట్టింటికి పోతోందని జాలిపడి చెబుతున్నావు."

"అమ్మా, నిజం."

"రెండు చెవులతో విన్నానే నేను. ఊరంతా విన్నది. అంత కంచుగంటలాంటి గొంతును పట్టుకుని ముద్దగా ఉందంటావేమిటి?"

"అది వేరే టేకమ్మా! అతికానని చెబుతున్నా కదా!"

"ఏదీ, ఆ పాడైంది వినిపించు మరి."

లేదన్నాను. తుడిచేశారన్నాను. అమ్మ చిన్నగా నవ్వింది, పసిపిల్ల అబద్ధం దొరికిపోయినప్పుడు నవ్వినట్టు.

మంచం దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాను. "అన్నయ్యా, నువ్వు చెప్పు. నాలుక మడతపడుతోందన్నావు కదా? నా దగ్గరే కదా?"

"అదే," అన్నాడు. "అదే, అదే." నా మణికట్టు పట్టుకున్నాడు ఎడమచేత్తో. సగం గీసిన గడ్డం, మిగతా సగం సబ్బు నురగ. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"చూడమ్మా!"

అమ్మ వంగి, "నాన్నా, చెల్లి దగ్గర బాగానే మాట్లాడావు కదూ?" అంది.

"అదే," అన్నాడు అన్నయ్య. మంచం చట్రాన్ని గుద్దాడు. "అదే! అదే!"

"వాణ్ణి ఏడిపించకు ఇక," అంది అమ్మ, మళ్ళీ రేజరు తీసుకుని.

బయట ఆటో హారను. వదిన నా భుజం పట్టి లేపి, వంటింట్లోకి తీసుకెళ్ళింది. వదినకు తెలుస్తుంది అనుకున్నాను. క్యాంటీన్‌లో అన్ని ప్రశ్నలు అడిగిన మనిషి. చెయ్యి గురించి, నవ్వు గురించి. వరసగా మళ్ళీ చెప్పాను. హెడ్‌ఫోన్ కింద పడిందని, గుమ్మం దగ్గర పాడైపోయిందా అని అడిగాడని, అన్నీ. కాళ్ళు పట్టుకోబోతే ఆపింది.

"ఆ రోజు క్యాంటీన్‌లో నిన్ను అడిగింది నిజమే. నువ్వు అవునంటావేమోనని ఆశపడ్డాను. నేనొక్కదాన్నే కాదు అనిపించుకోవడానికి. నా స్వార్థం." నా కళ్ళు కొంగుతో తుడిచింది. "నువ్వేమో ఇవాళ దాకా అదే మనసులో పెట్టుకుని, నా కోసం ఇంత కథ కట్టుకొచ్చావు. నేనూ విన్నాను కదా చిట్టీ. ఆయన ఎంత బాగా మాట్లాడాడో."

"వదినా, ఒట్టు. నా మీద ఒట్టు."

"ఒట్లు వేయకు. ఇంకెప్పుడూ నా కోసం అబద్ధం ఆడకు. ఈ ఇంట్లో ఒక్కదానివైనా నన్ను నమ్మావు, అది చాలు." మళ్ళీ హారను వినిపించింది. వదిన వెళ్ళబోయి ఆగి, బ్యాగులోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టింది. "ఆ కాల్ ఇందులో వేసి ఇవ్వవా? అక్కడ రోజూ వింటాను. ఆయన ఎలాంటి మనిషో, నేను ఎంత ఆలస్యం చేశానో మరిచిపోకుండా ఉంటాను."

వద్దన్నాను. బతిమాలింది.

వేసి ఇచ్చాను.